రెండో చేతి మీద సూది మచ్చ

జూన్ 12

బావా,

ఫోన్ ఎత్తడం లేదని అలగకు. ఆ తెర వెలుగు పడితే కళ్ళ వెనక ఎవరో మేకులు దిగ్గొడుతున్నట్టుంటోంది. మోగితే ఇంకా ఘోరం. అందుకే దాన్ని ఆపేసి బీరువాలో బట్టల కింద పెట్టి, పెన్ను పట్టుకున్నాను. కాగితం మెరవదు, మోగదు. నువ్వు కూడా కాగితం మీదే రాయి. పెద్ద అక్షరాలు, నల్ల సిరా. నీ రాత కోడి కెలికినట్టుంటుందని అక్క అనేది కదా, నా కోసం కాస్త కుదురుగా కెలుకు.

ఇక్కడ అందరికీ నేను దొంగ రోగినైపోయాను. మా ల్యాబు పెద్దాయన నిన్న నా క్వార్టర్స్ గదికొచ్చి, "రిపోర్టు శుభ్రంగా ఉంది కదమ్మా, డ్యూటీలో పడితే అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నాడు. ఎవరికి చెబుతున్నాడో చూడు! తలకి దెబ్బ తగిలి ఎమర్జెన్సీకొచ్చిన వాళ్ళకి ఆ రక్తపరీక్ష చేసేది నేనే. మెదడుకి దెబ్బ తగిలితే దానిలోని రెండు ప్రోటీన్లు రక్తంలోకి దిగుతాయి. అవి తక్కువగా ఉంటే లోపల రక్తం కారడం లేదని ధైర్యం, స్కానింగ్ అక్కర్లేదు. అంతే బావా, దానర్థం అంతే. తల బాగుందని కాదు. నేను కూడా ఇన్నాళ్ళూ "ఏం లేదండీ, హాయిగా ఇంటికెళ్ళండి" అని పంపేదాన్ని. ఆ "ఏం లేదు" ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది. స్టవ్ మీద పాలు పెట్టి, ఎందుకు పెట్టానో తెలియక వాటినే చూస్తూ నిలబడుతున్నాను.

నాకు గుర్తున్నది ఇంత. మీరు ఇల్లు మారుతున్నారు. నువ్వొచ్చేదాకా ఆగమన్నా వినకుండా అక్కా నేనూ పరుపు పట్టుకుని మెట్లు దిగుతున్నాం. పరుపు మధ్యలో వంగిపోయి అక్క నాకు కనిపించడం లేదు. "ఎడమకే, ఎడమకి! నీకు కుడి ఎడమలు ఎప్పుడొస్తాయే" అని పైనుంచి అరుస్తోంది. పడ్డం గుర్తులేదు, అక్కడితో అయిపోయింది. మళ్ళీ గుర్తున్నది మర్నాడు చీకటిపడే వేళ. మీ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాను, అక్క లేదు.

మధ్యలో ఏం జరిగింది బావా? మమ్మల్ని మీ ఊరి ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది నువ్వే. అక్కకి కూడా ఆ పరీక్షే చేశారట, బాగుందన్నారట, ఇంటికి పంపేశారట. అలా ఎలా పంపుతారు? ఆ పరీక్ష నాకు బాగా తెలుసు. లోపల అంత రక్తం కారుతుంటే అది ఊరుకోదు. ఒక్కటీ వదలకుండా రాయి.

ఇంకో సంగతి. ఇద్దరిదీ ఒకటే అచ్చు అని ఎవరైనా అంటే మురిసిపోయేదాన్ని. ఇప్పుడు గదిలో అద్దానికి దుప్పటి కప్పాను. మొహం కడుక్కుని తలెత్తితే అక్క చూస్తోంది.

తలపోటుతో,
నీ సూదులమ్మ


జూన్ 17

సూదులమ్మా,

నీ ఉత్తరం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బస్సు సీట్లు కుట్టి కుట్టి ఈ వేళ్ళు మొద్దుబారిపోయాయి, పెన్ను ఆనడం లేదు. అక్షరాలు వంకరపోతే సర్దుకో.

నువ్వడిగినదానికి రాయడానికేముంది? తీసుకెళ్ళాను. చూశారు. రక్తం తీశారు. ఇద్దరికీ ఏం లేదన్నారు. ఇంటికొచ్చాం. మర్నాడు పొద్దున తల బరువుగా ఉందంది. మధ్యాహ్నం వాంతి చేసుకుంది. మళ్ళీ తీసుకెళ్ళేసరికి మాట పడిపోయింది. ఇంతే. దీన్ని ఎన్నిసార్లు తిరగేసినా ఇంతకన్నా రాదు.

నీ సంగతికొస్తే, మీ పెద్దాయన చెప్పింది నిజమే అనిపిస్తోంది. నీ రిపోర్టులో ఏం లేదని నేనూ విన్నాను. అక్క మీద దిగులే నిన్నిలా పట్టి పీడిస్తోంది. గదిలో ఒంటరిగా కూర్చుని అద్దాలకి దుప్పట్లు కప్పుకుంటే లేని జబ్బులన్నీ వస్తాయి. డ్యూటీలో చేరు. నలుగురిలో పడు.

నేను షాపు తెరిచాను. ఒక స్కూలు బస్సు వచ్చింది, సీట్లన్నీ పిల్లలు చింపేశారు. మీ అక్క ఉంటే షాపు వైపు తొంగి కూడా చూసేది కాదు. ఆ వంపు సూది చూస్తేనే చెమటలు పట్టేవి కదా. ఏం రాతో చూడు, సూదులతో కుట్టేవాడు మొగుడు, సూదులు గుచ్చేది చెల్లెలు. "నా చుట్టూ ముళ్ళకంచె వేశారు దేవుడా" అనేది.

కొత్త ఇంట్లో సామాను ఇంకా సర్దలేదు. ఏ డబ్బాలో ఏముందో ఆవిడకే తెలుసు.

మీ
బావ


జూన్ 22

బావా,

లేని జబ్బులా? నువ్వు కూడానా? పెద్దాయనంటే పరాయివాడు, పోనీలే అనుకున్నాను. మన బంగారం మంచిదైతే కదా అని ఊరుకుంటున్నాను.

నిన్న డ్యూటీకి వెళ్ళాను, నీ మాట మీదే. ల్యాబులో ఆ తెల్ల దీపాల కింద గంట కూడా నిలవలేకపోయాను. ట్యూబు మీద పేరు చదివి, మెషీన్ దగ్గరికి వెళ్ళేలోపు మర్చిపోయాను. మళ్ళీ చదివాను, మళ్ళీ మర్చిపోయాను. ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీద పడితే ఏమవుతుందో తెలిసిన దాన్ని కదా, ట్యూబు అక్కడే పెట్టేసి వచ్చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. నా రెండు మోచేతుల లోపలా సూది మచ్చలున్నాయి. మొదట్నుంచీ ఉన్నాయి, నీలంగా ఉండేవి, ఇప్పుడు పసుపుపచ్చగా మాసిపోతున్నాయి. నేను రోజూ గుచ్చేదాన్ని, సూది మచ్చ ఏదో మెట్టు తగిలిన మచ్చ ఏదో నాకు తెలుసు. ఆ పరీక్షకి ఒక ట్యూబు చాలు. ఒక చేతికి తీస్తే రెండో చెయ్యి ఎందుకు?

ఇది చెబితే పిచ్చిదనుకుంటావేమో, అయినా చెబుతాను. ఒకటే కల వస్తోంది. ఆకుపచ్చ కర్టెన్. దాని అవతలనుంచి ఎవరో అక్క పేరు పిలుస్తున్నారు. అక్క పలకదు. నేను పలుకుతాను. "నేనేనండీ" అంటాను. అక్క పేరు, అక్క వయసు అన్నీ చెబుతాను. భయం లేదు, అక్కడ హాయిగా ఉంటుంది. లేచాకే ఒళ్ళు చల్లబడిపోతుంది. మొన్న పక్కగది నర్సు నన్ను పిలిస్తే పలకలేదట. ఎవరినో పిలుస్తోందనుకున్నాను.

అక్క నాలో దూరిందా బావా? నవ్వకు. సైన్సు చదివినదాన్ని నేనే అడుగుతున్నాను.

నీ
మరదలు


జూన్ 28

మరదలా,

నవ్వలేదు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. షాపులో వేలికి సూది దింపుకున్నాను.

కలలకేముంది, వస్తాయి పోతాయి. ఆ మచ్చలు పడ్డప్పుడు తగిలినవే అయ్యుంటాయి, లేదా మొదటి చేతిలో నరం దొరక్క రెండోది చూసి ఉంటారు. ఆసుపత్రుల్లో ఇవన్నీ మామూలే కదా. నువ్వే ఎన్నిసార్లు చెప్పావు, నరం దొరకని వాళ్ళ గురించి.

ఆ రోజు గురించి వదిలెయ్. తవ్వితే మట్టే వస్తుంది. మెట్ల మీద ఎవరు ముందు ఉన్నారో, ఎవరి చెయ్యి జారిందో నేను ఇంతవరకు అడగలేదు. ఎప్పటికీ అడగను. నా మనసులో నీ మీద ఏమీ లేదు. అది మాత్రం నమ్ము.

వేళకి తిను. అద్దం మీద దుప్పటి తీసెయ్.

మీ
బావ


జూలై 4

బావగారికి,

"అడగను" అని రాశారంటే అడుగుతున్నారనే కదా. కింద నేనే ఉన్నాను. చెయ్యి ఎవరిది జారిందో నాకు గుర్తులేదు. గుర్తుంటే మీరు అడిగేదాకా ఆగేదాన్ని కాదు. ఇన్ని రోజులూ మాట దాటేస్తుంటే ఎందుకో అనుకున్నాను. అక్కని చంపినదాన్నన్నట్టు నన్ను చూస్తూ, పైకి "వేళకి తిను" అంటున్నారన్నమాట. మంచిది.

నరం దొరకలేదట! నా నరాలు తాళ్ళలా ఉంటాయి. కొత్తగా చేరినవాళ్ళంతా నా చేతి మీదే నేర్చుకున్నారు.

నాకు అర్థమైంది ఇది. మేమిద్దరం పక్కపక్క మంచాల మీద, ఒకే అచ్చు. రక్తం తీసిన నర్సు రెండుసార్లూ నాకే తీసింది. ఒకసారి నా పేరు మీద, ఒకసారి అక్క పేరు మీద. అక్కని ముట్టుకోనే లేదు. అందుకే ఇద్దరి రిపోర్టులూ శుభ్రంగా వచ్చాయి. అక్క రక్తం ఆ మెషీన్ మొహమే చూడలేదు! చూసి ఉంటే పట్టుకునేది, స్కానింగుకి పంపేవాళ్ళు, పుర్రె తెరిచి గడ్డ తీసేవాళ్ళు. ఈపాటికి ఆ డబ్బాలన్నీ సర్దుకుని, "నీ మొగుడికి ఒక మేకు కొట్టడం రాదే" అని నాకు ఫోన్ చేసేది... చూడండి, ఎలా రాశానో. నీ మొగుడట. నాకు మొగుడెక్కడున్నాడు? ఈ తలతో ఇంతే.

మీ ఉత్తరం రాకముందే ఆ ఆసుపత్రికి అంతా రాసి పంపాను, నా ఉద్యోగం, నా పేరు, నా మచ్చలతో సహా. మొన్న జవాబొచ్చింది. ఆ నర్సుని పనిలోంచి ఆపేశారు. విచారణ జరుగుతుంది. తప్పు తేలితే ఆవిడ ఇక ఎక్కడా సూది పట్టదు. పట్టకూడదు కూడా. పేరు అడగడం కూడా చేతకాని మనిషి చేతిలో మా అక్క పోయింది. మీకేమీ పట్టకపోయినా నాకు పడుతుంది.

ఇట్లు,
మీ భార్య చెల్లెలు


జూలై 11

మరదలా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పక్కగది నర్సుని పిలిచి పక్కన కూర్చోబెట్టుకో. ఇది మాట వరసకి చెప్పడం కాదు.

నిన్న ఆ నర్సు నా షాపుకొచ్చింది. నా వయసే ఉంటుంది, మెడలో తాడుకి కళ్ళజోడు వేలాడుతోంది. చింపిన సీటొకటి పక్కకి జరిపి కూర్చోమన్నాను. కూర్చోలేదు. "మీరు ఆ రోజు కర్టెన్ పక్కనే ఉన్నారు. నేను పేరు అడిగానా లేదా? అదొక్కటి చెప్పండి. నేను అడగలేదని మీ మరదలు రాసింది. అడిగానని నేనంటే అక్కడ ఒక్కరూ నమ్మడం లేదు" అంది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "నాకేం గుర్తులేదమ్మా" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "మీకు దెబ్బ తగల్లేదు కదండీ" అని వెళ్ళిపోయింది.

ఆవిడ పేరు అడిగింది. నేను విన్నాను.

ఎమర్జెన్సీలో ఆ రోజు ఇసుక వేస్తే రాలనంత జనం. మీ ఇద్దరికీ పక్కపక్క మంచాలు, చుట్టూ ఆకుపచ్చ కర్టెన్. చేతికి పేరు రాసిన పట్టీ కట్టే అలవాటు అక్కడ లేదు, మంచం తలాపున చీటీ అంటిస్తారు. నర్సు ముందు నీకు తీసింది. ఇంతలో ఎవరో కేకేస్తే వెళ్ళింది. రక్తం తీసేటప్పుడు బిగించే ఆ రబ్బరు పట్టీ చూసేసరికి మీ అక్కకి చెమటలు మొదలయ్యాయి. "నా వల్ల కాదే, నేను పారిపోతాను" అని చెప్పులు వెతుక్కుంటోంది. నువ్వన్నావు, "ఊరుకో, నీకు బదులు నేనిస్తాను. మనిద్దరిదీ ఒకటే రక్తం." చిన్నప్పుడు స్కూల్లో టీకాలప్పుడు ఇలాగే తనకి బదులు నువ్వు రెండుసార్లు పొడిపించుకున్నావట కదా. అది గుర్తు చేసి ఆవిణ్ణి నీ మంచం ఎక్కించావు. దుప్పటి తల మీదకి లాగావు. నువ్వు ఆవిడ మంచం మీద పడుకున్నావు.

నర్సు వచ్చింది. చీటీ చూసింది. "పేరు చెప్పండి" అంది. నువ్వు అక్క పేరు చెప్పావు, వయసు చెప్పావు, రెండో చెయ్యి చాపావు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "ఇందాక మీకే తీసినట్టుందే" అంది. "అది మా చెల్లెలండీ, అందరూ అలాగే పొరబడతారు" అన్నావు. ఎంత నమ్మకంగా అన్నావో! పక్క మంచం మీద దుప్పటి అంతా నవ్వుతో ఊగుతోంది. కర్టెన్ పక్కన నిలబడి నేనూ నోరు మూసుకుని నవ్వాను. నర్సు వెళ్ళాక మీ అక్క దుప్పటి తీసి, "అమ్మయ్య, బతికిపోయాను" అంది.

నీ కల ఉందే, అది కల కాదు. నీలో ఎవరూ దూరలేదు.

ఇప్పుడు నా వంతు. మెషీన్లు, ట్యూబులు నాకేం తెలుస్తాయి అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. కానీ తెలియాల్సింది ఒకటుంది. దారి పొడుగునా నువ్వు నన్ను ఒకటే అడుగుతున్నావు, "బావా, పరుపు దింపేశామా?" అని. చెబుతాను. మళ్ళీ అడుగుతావు. చెబుతాను. మళ్ళీ. డాక్టరమ్మ వచ్చి, "ఈవిడ మాటలో ఏమైనా తేడా ఉందా?" అని నన్ను అడిగింది. నేనేమన్నానో తెలుసా? "తేడా ఏముందండీ, పుట్టినప్పట్నుంచీ ఇంతే" అన్నాను. ఆవిడ నవ్వింది. నువ్వూ నవ్వావు. మనింట్లో ఏ మాటనీ వేళాకోళం చెయ్యకుండా వదలం కదా. తల అదిరిపోయి, అడిగిందే అడుగుతున్న మనిషివి నువ్వు. ఈ పనిలో ఉన్నదానివని ఆ పూట మేమంతా నీ మాటే విన్నాం. నువ్వు మామూలుగా ఉంటే చస్తే అలా చేసేదానివి కాదు. ట్యూబు మీద పేరు మర్చిపోయినందుకు పని వదిలేసి వచ్చిన దానివి. తల బాగున్నవాణ్ణి ఆ కర్టెన్ దగ్గర నేనొక్కణ్ణే. చెప్పాల్సింది నేను.

మర్నాడు మీ అక్క తల బరువుగా ఉందన్నప్పుడు కూడా, "రిపోర్టు బాగుంది కదా, పడుకో" అన్నాను. ఎవరి రిపోర్టో తెలిసి అన్నాను. అది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నీ చెయ్యి జారిందనుకుని "అడగను" అనలేదు. అసలు సంగతి నీ వైపు రాకుండా ఎటో ఒకవైపు తోసెయ్యాలని రాశాను, తెలివితక్కువవాణ్ణి. ఆవిడ ఎలాగూ లేదు, నువ్వొక్కదానివైనా నిలబడాలనుకున్నాను. ఇంకొకావిడ పడిపోతుందని అనుకోలేదు.

రేపు పొద్దున ఆ ఆసుపత్రికి వెళ్ళి ఇదంతా చెప్పేస్తాను. నీకు ముందు రాశాను. ఎవరి నోటో వినకూడదని.

నన్ను తిట్టు. జవాబు మాత్రం ఇవ్వు.

మీ
బావ


జూలై 21

బావా,

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు నిన్ను తిట్టాను. గోడల్ని తిట్టాను. నెలకి పైగా నన్ను దెయ్యం పట్టినదాన్ని చేసి కూర్చోబెట్టావు. చూసింది కల అన్నావు, ఉన్న మచ్చని మెట్ల మీదకి నెట్టావు. నా తల నమ్మాలా, నీ మాట నమ్మాలా అని కొట్టుకుంటుంటే, నువ్వు సీట్లు కుట్టుకుంటూ "వేళకి తిను" అని రాశావు. నీ మంచితనం మండా! గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు. ఇది రాయకపోతే కడుపులో ఉండిపోతుంది, అందుకే రాశాను.

తర్వాత పెన్ను తీశాను.

ఆ ఆసుపత్రికి నేనూ రాశాను. ఫిర్యాదు తప్పని, పేరు అడిగారని, అబద్ధం చెప్పింది నేనని, నా సంతకంతో పంపాను. నువ్వు చెప్పిందీ నేను రాసిందీ కలిశాయట. ఆవిణ్ణి మళ్ళీ పనిలోకి పిలిచారు. ఆవిడకి విడిగా రెండు వాక్యాలు రాశాను. జవాబు రాలేదు. రాకపోవడమే న్యాయం. మా పెద్దాయనకి కూడా చెప్పేశాను. నన్ను ల్యాబులో ఉంచుతారో లేదో ఇంకా తేలలేదు. "నీకు తల బాగోలేదని అప్పుడే చెప్పాల్సింది" అన్నాడు. చెప్పాను కదండీ అన్నాను. "రిపోర్టు బాగుందని..." అని ఆగిపోయాడు.

నీ వంతు అని రాశావే, దాన్ని నువ్వొక్కడివే మొయ్యకు. నా వంతు నాకు ఉంచు. తల అదిరింది నిజమే, నోరు మాత్రం నాదే. అక్క రక్తం తీసి ఉంటే పరీక్ష పట్టుకునేదే, నూటికి నూరుపాళ్ళూ అని చెప్పలేను గానీ పట్టుకునేదే. ఇది నేను మర్చిపోను, నువ్వూ మర్చిపోవు. ఇద్దరం ఒకరికొకరం సాక్షులం. అంతకన్నా ఏం చెయ్యాలో నాకు తెలియదు.

ఇప్పుడు నీకు అర్థం కానిది ఒకటి చెబుతాను. ఆ ఉత్తరంలో నన్ను చంపే సంగతి అంతా ఉంది కదా. అయినా నేను దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను, అన్నం మానేసి చదువుతున్నాను. ఎందుకంటే నా దగ్గర ఆ పూట లేదు. మెట్ల మీద అక్క అరుపు, తర్వాత అక్క లేని గోడ. మధ్యలో అక్క ఇంకా బతికి ఉన్న ఒక సాయంత్రం, ఒక రాత్రి, ఒక పొద్దున ఉన్నాయి. నేను పక్కనే ఉన్నాను. నాకు అందులో ఒక్క ముక్క లేదు. ఎంత తల పట్టుకున్నా రాదు. ఇక్కడ నన్ను చూస్తున్న డాక్టరమ్మ కూడా అది ఇక రాదనే అంది. కర్టెన్ కల కూడా నీ ఉత్తరం తర్వాత రావడం మానేసింది. రాకుండా ఉంటే బాగుండుననుకునేదాన్ని, ఇప్పుడు అది రావాలని కళ్ళు మూసుకుని పడుకుంటున్నాను. అందులో కూడా అక్క కనిపించేది కాదు. పక్క మంచం మీద, దుప్పటి కింద ఉంది కదా. నేను అటు తిరగలేదు.

నువ్వు చూశావు. దుప్పటి నవ్వుతో ఊగిందని ఒక్క ముక్క రాసి వదిలేశావు. తప్పుని మాత్రం పేజీలు పేజీలు రాశావు. అక్కని నవ్వించింది నేను బావా. ఆఖరిసారి నవ్వించింది నేనే, అది కూడా నాకు తెలియదు.

దుప్పటి తీసినప్పుడు జుట్టు ఎలా ఉంది? కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్విందా, లేక ఆ ముక్కుతో నవ్వే నవ్వా? నా వైపు చూసిందా? ఇంటికొచ్చాక ఏం తింది, ఎవరిని తిట్టింది, నేను మళ్ళీ పరుపు గురించి అడిగితే ఏమంది? ఎన్ని కాగితాలైనా ఫర్వాలేదు. చిన్న అక్షరాలైనా చదువుకుంటాను. ఏదీ దాచకుండా రాయి.

నీ
మరదలు